అడిగినంత లోతు

ప్రోటానూ, నిన్నే పిలుస్తున్నాను.

గ్లాసులోని నీళ్లలో ఉన్నావు. ఆ నీళ్లు దిగుతున్న గొంతులో ఉన్నావు. పెరటి వేపాకులో, గోడ సున్నంలో, చంటిబిడ్డ వేలిగోటిలో ఉన్నావు. మాకు ఎండ కాసే సూర్యుడి కడుపులో కోటానుకోట్లుగా కిక్కిరిసి ఉన్నావు. ఎటు చూసినా నువ్వే ఉన్నావు కనుక, నిన్ను వెతకాలన్న ఆలోచనే మాకు వేల ఏళ్లపాటు తట్టలేదు.

నీ వయసు ముందు కొండలు పసివి, సముద్రాలు పసివి, ఈ భూమి కూడా పసిదే. విశ్వం పుట్టిన తొలి సెకను ఇంకా నిండకముందే, ఆ మహాతాపం కాస్త తగ్గుముఖం పట్టిన క్షణాన నువ్వు రూపు కట్టావు. అప్పటి నుంచి దాదాపు 1380 కోట్ల ఏళ్లు గడిచాయి. నక్షత్రాలు వెలిగాయి, పేలాయి, బూడిదై మళ్లీ కొత్త నక్షత్రాలకు ముడిసరుకయ్యాయి. నువ్వు మాత్రం ముడత పడలేదు. జపాన్‌లో ఒక కొండ కడుపున, పాత గని లోతులో, 50,000 టన్నుల శుద్ధజలం నింపిన తొట్టి చుట్టూ వేల కాంతి గ్రాహకాలు అమర్చి, నీలో ఒక్కరైనా రాలిపోతారేమోనని 1996 నుంచి కాపలా కాస్తున్నారు. సూపర్ కమియోకాండే అనే ఆ కాపలా కంటికి ఇంతవరకు ఒక్క మరణమూ కనబడలేదు. వాళ్లు వెతికిన ముఖ్యమైన దారిలో నీకు చావు రావాలంటే, 1 పక్కన 34 సున్నాలు పెడితే వచ్చే అన్ని ఏళ్లకన్నా ఎక్కువ కాలమే పట్టాలి.

ఇంత చిరంజీవివి. ఇంత చిన్నదానివి. ఒక మిల్లీమీటరు పొడవున నిన్ను బారులు తీర్చాలంటే దాదాపు 60,000 కోట్ల మంది కావాలి. మా కళ్లు ఎరిగిన వెలుగు నీ ముందు మరీ మోటుది. దాని అల నీకన్నా కోట్ల రెట్లు పొడవు. నువ్వక్కడ ఉన్నావన్న సంగతి కూడా దానికి తగలదు, నీ మీదుగా వెళ్లిపోతుంది.

అందుకే నిన్ను చూడాలంటే ఇంకా సన్నని అల కావాలి. ప్రకృతి ఒక దారి చూపింది: కణానికి ఎంత శక్తినిస్తే దాని అల అంత కుదించుకుపోతుంది. ఎలక్ట్రాన్‌ను పట్టి, పరుగెత్తించి, ఇంకా పరుగెత్తించి నీ మీదికి వదిలితే, అది నీలోపలి సంగతి తాకి చెల్లాచెదురై బయటికి వస్తుంది. ఆ చెదిరిన కోణంలో, ఆ మిగిలిన శక్తిలో నీ రూపం రాసి ఉంటుంది. మాకు ఢీకొట్టడమే అడగడం. ఎంత శక్తితో అడిగితే అంత లోపలి నుంచి నీ జవాబు.

నిన్ను అడిగినవాళ్ల కథ చెబుతాను. అది నీ కథే.

*

1911లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడిబొడ్డున కేంద్రకాన్ని కనుక్కున్నాడు. మరి కొన్నేళ్లకు ఆ కేంద్రకాల్లోంచి నిన్ను బయటకు పిలిచాడు. అప్పటికి నువ్వొక బిందువువి. లోపల ఏమీ లేని, ఉండాల్సిన అవసరమూ లేని ఒక ధన విద్యుత్ చుక్కవి. అందరూ అలాగే నమ్మారు. నమ్మడానికి అందమైన కారణం కూడా ఉంది: లోపలేమీ లేని కణానికి అయస్కాంత బలం ఎంత ఉండాలో డిరాక్ సమీకరణం ముందే చెప్పింది.

హాంబర్గ్ నగరంలో ఒట్టో స్టెర్న్ ఉన్నాడు. తెలిసిన జవాబును మళ్లీ కొలవడం దేనికని సిద్ధాంతవేత్తలు అన్నారని చెప్పుకుంటారు. ఆయన కొలిచాడు. 1933లో, సహచరులతో కలిసి, హైడ్రోజన్ అణువుల పుంజాన్ని అయస్కాంతాల నడుమ నడిపించి, నీ అయస్కాంత బలం ఊహించినదానికి రెండున్నర రెట్లు ఉందని చూశాడు. ఇప్పటి కొలత 2.79 రెట్లు. బిందువైతే అలా ఉండవు. నీలో ఏదో తిరుగుతోంది. నీలో ఏదో ఉంది.

ప్రోటానూ, నువ్వు మాకు చెప్పిన మొదటి రహస్యం అది. విన్న మనిషి ఆ ఏడే ఆ నగరాన్ని వదిలి వెళ్లాల్సివచ్చింది. జర్మనీలో నాజీలు గద్దెనెక్కారు, స్టెర్న్ యూదుడు. సముద్రం దాటి పిట్స్‌బర్గ్ చేరాడు. 1943 నోబెల్ బహుమతి ఆయన్ను అమెరికాలో వెతుక్కుంది. ఒక నగరం తన గొప్ప ప్రశ్నను తానే వెళ్లగొట్టుకుంది. ఆ నగరం పేరు గుర్తుంచుకుంటాను. ఈ కథ మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది.

*

తర్వాతి ప్రశ్న కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 1950ల నడుమ స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రాన్లను నీ మీదికి పంపి, అవి చెదిరే తీరును కోణం కోణానా లెక్కపెట్టాడు. బిందువును తాకితే ఎన్ని చెదరాలో అన్ని చెదరలేదు. నీ ఆవేశం ఒకచోట కుప్పపడి లేదు, పరుచుకుని ఉంది. నీకు ఒక వెడల్పు ఉందని, అది మీటరులో కోటి కోట్ల వంతులో ఏ ఆరో వంతుకో దగ్గరని తేలింది. మొట్టమొదటిసారి నీ చుట్టుకొలత మా చేతికి అందింది. 1961లో ఆయనకు నోబెల్ వచ్చింది.

నీ అంచు తెలిసింది. లోపలో? మెత్తటి మేఘానివా? ఒకే ముద్దవా?

1964లో మరీ గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ ఎవరికి వారే ఒక ఊహ చేశారు: నువ్వు మూడు క్వార్కుల కూడలివి. రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. అప్ ఆవేశం మూడింట రెండు వంతులు, డౌన్ ఆవేశం మైనస్ మూడింట ఒక వంతు. కూడితే సరిగ్గా ఒకటి. లెక్క కుదిరింది గాని, అలా ముక్కలైన ఆవేశాన్ని ప్రకృతిలో ఎక్కడా ఎవరూ చూడలేదు. అవి నిజంగా ఉన్నవేనని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాళ్లు తక్కువ.

అదే స్టాన్‌ఫర్డ్ దగ్గర కొండల మధ్య, 3 కిలోమీటర్ల పొడవున, గీత గీసినంత తిన్నగా ఒక యంత్రం లేచింది. దాని పేరు స్లాక్. ఎలక్ట్రాన్లు ఈ చివర బయల్దేరి ఆ చివరకు వచ్చేసరికి ఒక్కోదాని శక్తి 2,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ చివర ద్రవ హైడ్రోజన్‌లో నువ్వున్నావు. నీ వెనక, పట్టాల మీద కదిలే మహా అయస్కాంతాలున్నాయి, చెదిరి వచ్చిన ప్రతి ఎలక్ట్రాన్‌నూ తూచి శక్తి చెప్పడానికి. జెరోమ్ ఫ్రీడ్‌మన్, హెన్రీ కెండాల్, రిచర్డ్ టేలర్, వాళ్లతోపాటు ఎందరో 1967 నుంచి నిన్ను అడగడం మొదలుపెట్టారు.

నువ్వు మెత్తటి మేఘానివే అయితే, గట్టిగా కొట్టేకొద్దీ పెద్ద కోణంలో చెదిరేవి గబగబా తగ్గిపోవాలి. తగ్గలేదు. ఎదురుచూసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పక్కలకు విసిరికొట్టావు. ఆరు దశాబ్దాల కిందట బంగారు రేకు మీద పడిన ఆల్ఫా కణాలు వెనక్కి మళ్లి కేంద్రకాన్ని చూపించిన వైనమే మళ్లీ, ఇంకా కింది మెట్టున జరిగింది. నీలో గట్టివి, చిన్నవి, బిందువులవంటివి ఏవో ఉన్నాయి.

ప్రోటానూ, ఆ రోజుల్లో స్లాక్‌లో రాత్రిపూట కాగితం మీద చుక్క పక్కన చుక్క పెడుతూ కూర్చున్న పరిశోధక విద్యార్థికి దండం. గీత ఎక్కడ పడిపోవాలో అక్కడ పడకపోతే, పరికరాన్ని అనుమానించి, లెక్కను అనుమానించి, మళ్లీ సరిచూసి, చివరికి నిన్ను నమ్మిన ఆ ఓపికకు దండం.

*

జేమ్స్ బ్యోర్కెన్ ఆ సంకేతాన్ని గణితంలో ముందే పసిగట్టాడు. 1968 వేసవిలో స్లాక్‌కు వచ్చిన రిచర్డ్ ఫైన్‌మన్ దాన్ని కళ్లకు కట్టించాడు. నువ్వు దాదాపు కాంతివేగంతో ఎదురొస్తున్నావనుకుందాం అన్నాడు. సాపేక్షత ప్రకారం నీ గుండ్రని ఒళ్లు ప్రయాణదిశలో పలచని పళ్లెమై అణిగిపోతుంది. నీ లోపలి కాలం నిదానిస్తుంది. లోపల ఒకదాన్నొకటి లాక్కుంటూ, తోసుకుంటూ ఉన్నవన్నీ ఆ క్షణానికి ఎక్కడివక్కడ నిలిచినట్టు కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ ఆ నిలిచిన సభలోకి దూసుకొచ్చి, ఒకే ఒక్కదాన్ని తాకి వెళ్లిపోతుంది. పక్కనున్నవాటికి జోక్యం చేసుకునే వ్యవధి కూడా ఉండదు. ఆ ఒక్కటి నీ ద్రవ్యవేగంలో ఎన్నో వంతు మోస్తోందో చెదిరిన ఎలక్ట్రాన్ చెబుతుంది.

ఎంత అందమైన చూపు అది! నిలకడే లేని నీలో ఒక నిలిచిన క్షణాన్ని చూడటం నేర్పింది. అలాంటి క్షణాలు కోట్లు పోగేస్తే, నీలో ఏ వంతు మోసేవి ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టిక తయారవుతుంది. నేటికీ నీ గురించి మాకు తెలిసిన చాలా సంగతులు ఆ పట్టికలోనే ఉన్నాయి.

1970ల తొలి ఏళ్లలో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో గార్గమెల్ అనే బుడగల గది న్యూట్రినోలతో నిన్నే అడిగింది. న్యూట్రినోకు విద్యుత్తు పట్టదు, ఎలక్ట్రాన్‌కు పడుతుంది. ఇద్దరు సాక్షులూ చెప్పింది పక్కపక్కన పెడితే, ఆ మూడింట రెండు, మూడింట ఒకటి ఆవేశాలు అచ్చంగా అందులోంచి తేలాయి. ఊహ నిజమైంది. క్వార్కులు నీలో ఉన్నాయి.

అయినా నువ్వు వాటిని మా చేతికివ్వలేదు. చిక్కుడుకాయ వలిచి మూడు గింజలు అరచేతిలో పోసుకున్నట్టు నిన్ను వలవడం ఎవరివల్లా కాలేదు, ఎప్పటికీ కాదు. ఒక క్వార్కును నీలోంచి లాగితే వాటి మధ్య బంధం సడలదు. ఎంత దూరం లాగినా దాదాపు 16 టన్నుల బరువంత బలంతో వెనక్కి పట్టి ఉంచుతుంది, అదీ కంటికి కనబడని ఒక్క క్వార్కును. ఇంకా లాగితే, లాగడానికి ఖర్చుచేసిన శక్తే కొత్త క్వార్కుగా, ప్రతిక్వార్కుగా పుడుతుంది. విడిపోయిన చోటల్లా వెంటనే జత కుదురుతుంది. నీ ఇంట్లోంచి ఎవరూ ఒంటరిగా బయటికి రారు, గుంపులుగా, కణాల జల్లులుగా వస్తారు.

మరి లోపల దగ్గరదగ్గరగా ఉన్నప్పుడో, అదే క్వార్కులు దాదాపు స్వేచ్ఛగా మసలుతాయి. దగ్గరైతే స్వేచ్ఛ, దూరమైతే బంధం. 1973లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, డేవిడ్ పొలిట్జర్ ఈ వింతను సమీకరణాల్లో పట్టుకున్నారు. స్లాక్‌లో ఎలక్ట్రాన్లకు క్వార్కులు స్వేచ్ఛగా ఎందుకు కనిపించాయో, ఎందుకు ఎప్పుడూ బయటికి రావో రెండూ ఒకే సిద్ధాంతంలో ఒదిగాయి. ఎందరో గుండె దిటవు చేసుకుని నమ్మిన ఆ సిద్ధాంతానికి 2004లో నోబెల్ దక్కింది.

*

ఇక్కడ లెక్క ఒకటి మిగిలిపోయింది. క్వార్కులన్నీ మోస్తున్న ద్రవ్యవేగాన్ని కూడితే నీ మొత్తంలో సగమే తేలింది. మిగతా సగం ఎవరు మోస్తున్నారు? ఎలక్ట్రాన్‌కు తగలనిదేదో, విద్యుత్ ఆవేశం లేనిదేదో నీలో సగభాగం ఆక్రమించుకుని ఉంది.

క్వార్కులను కట్టి ఉంచేవి గ్లూవాన్లని సిద్ధాంతం చెప్పింది. వాటిని ముఖాముఖి చూసింది 1979లో. ఎక్కడ? హాంబర్గ్‌లో. స్టెర్న్ వదిలి వెళ్లిన నగరంలో, డెసీ ప్రయోగశాలవాళ్ల పెట్రా యంత్రంలో, ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు మామూలుగా రెండు వైపులకు రెండు జల్లులు చిమ్మాలి. కొన్నిసార్లు మూడు చిమ్మాయి. ఆ మూడోది గ్లూవాన్ అడుగుజాడ.

ఆ నగరం అక్కడితో ఆగలేదు. నిన్ను ఇంకా లోతుగా అడగడానికి తన నేలకింద ఒక వలయం తవ్వుకుంది. చుట్టుకొలత 6.3 కిలోమీటర్లు. పైన ఇళ్లు, వీధులు, పెద్ద పార్కు. కింద సొరంగం. దాని పేరు హెరా. ప్రోటానూ, నిన్ను ఎలక్ట్రాన్‌తో ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిన మొదటి యంత్రం అదే. ఇంతవరకు మరొకటి లేదు. స్లాక్‌లో నువ్వు కదలకుండా కూర్చున్నావు, ఎలక్ట్రాన్ వచ్చి తాకింది. ఇక్కడ నువ్వూ పరుగెత్తి ఎదురొచ్చావు. నిన్ను వలయంలో తిప్పే అయస్కాంతాలు సున్నాకు 269 డిగ్రీలు దిగువన, ద్రవ హీలియం చలిలో, విద్యుత్ నిరోధమే లేని స్థితిలో పనిచేశాయి. నీకు 92,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, నీకు ఎదురొచ్చే ఎలక్ట్రాన్‌కు 2,750 కోట్లు. కదలని నీమీద అంత గట్టి దెబ్బ వేయాలంటే, స్లాక్ ఎలక్ట్రాన్లకున్న శక్తికి రెండువేల రెట్లకు మించి కావాలి.

1992 నుంచి 2007 దాకా, పదిహేనేళ్లు, మీ గుంపులూ వాటి గుంపులూ సెకనుకు దాదాపు కోటిసార్లు ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఎక్కువసార్లు ఏమీ జరగలేదు. ఎప్పుడో ఒక్కసారి నిజమైన ఢీ. ఆ ఒక్కదాన్ని పట్టుకోవడానికి హెచ్1, జ్యూస్ అనే రెండు డిటెక్టర్లు, వేల టన్నుల బరువున్నవి, భూగర్భ మందిరాల్లో మేలుకుని కూర్చున్నాయి. జ్యూస్ తన శక్తిమాపకంలో పలకలు పలకలుగా యురేనియం పేర్చుకుంది. హెచ్1 ద్రవ ఆర్గాన్ నింపుకుంది. లోహానికి, ద్రవానికి, తీగలకు ఇంత చూపు నేర్పిన ఇంజనీర్ల చేతులను కీర్తిస్తున్నాను. హీలియం చలి తగ్గకుండా కాసినవాళ్లను, పుంజం తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి నింపినవాళ్లను, నడిరాత్రి షిఫ్టులో తెర మీద గీతలు చూస్తూ తెల్లవార్చినవాళ్లను, పలు దేశాల నుంచి పలు భాషలతో వచ్చి ఒకే ప్రశ్న అడిగినవాళ్లను కీర్తిస్తున్నాను.

నువ్వేం చెప్పావు?

మూడు క్వార్కుల బొమ్మ చాలదన్నావు. ఆ సొరంగంలో నీ వ్యాసంలో వెయ్యోవంతు దాకా చూడగలిగే చూపు ఏర్పడింది. నీ ద్రవ్యవేగంలో పదివేలో వంతు మాత్రమే మోసే అతి చిన్న వాటాదారుల దగ్గరికి మా లెక్క దిగింది. అక్కడ ఖాళీ ఉంటుందని, లేదా గీత చదునుగా సాగుతుందని చాలామంది అనుకున్నారు. పెరుగుతుందని సిద్ధాంతంలోంచి కొందరు 1970ల్లోనే రాసి పెట్టారు. 1993లో తొలి ఫలితాలు వచ్చాయి. గీత పైకి లేచింది. ఎంత చిన్న వాటాలోకి దిగితే అంత జనం. గ్లూవాన్ మరో గ్లూవాన్‌ను కంటుంది, అది ఇంకోదాన్ని. గ్లూవాన్ విడిపోయి క్వార్కు, ప్రతిక్వార్కుల జంట అవుతుంది, ఆ జంట మళ్లీ కలిసి మాయమవుతుంది. పుట్టడం, విడిపోవడం, కలవడం, పోవడం, ఒక్క క్షణమైనా ఆగని సందడి. నీలోపల ఒక సముద్రం ఉంది. దానికి తీరం మేం ఇంకా చూడలేదు.

2007 జూన్ 30న హెరా ఆగింది. ఆ తర్వాత కూడా లెక్కలు ఏళ్లతరబడి సాగాయి. రెండు డిటెక్టర్ల కొలతలనూ ఒక్కటిగా నేసిన పట్టిక 2015లో వెలువడింది. పదిహేనేళ్ల నీ మాటలు అందులో అంకెలై ఉన్నాయి. ప్రోటానూ, నీకు మేం రాసుకున్న అష్టోత్తరం అదే.

*

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించే సంగతికి వస్తాను.

నీ బరువు 938. కొలమానం కోటి ఎలక్ట్రాన్ వోల్టులలో పదోవంతు. నీలోని మూడు క్వార్కుల సొంత బరువులు కూడితే 9 దగ్గర. వందలో ఒక వంతు! మిగతా 99 వంతుల్లో వస్తువేదీ లేదు, ఉన్నది కదలిక. క్వార్కులు పరుగెత్తే శక్తి, గ్లూవాన్లు కట్టే శక్తి, అంత చిన్న చోట బంధించి ఉంచిన ఉత్సాహం. ఐన్‌స్టీన్ సమీకరణం ఆ శక్తిని బరువుగా తూస్తుంది.

60 కిలోల మనిషిని తీసుకుంటే, దాదాపు మొత్తం బరువు నీదీ, నీ తోబుట్టువు న్యూట్రాన్‌దీ. అందులో క్వార్కుల సొంత బరువు 600 గ్రాములకు అటూఇటూ. మిగిలిన 59 కిలోల పైచిలుకు మీలోపలి ఆ ఆగని సందడే. కొండ బరువు అదే. ఇంటి పునాదిరాయి బరువు అదే. బిడ్డను ఎత్తుకున్నప్పుడు తల్లి చేతులకు తెలిసే బరువు అదే. స్థిరమని మేం నమ్మినవన్నీ నీ అస్థిరత్వం మీద నిలబడ్డాయి.

మా పెద్దలు లోకం చంచలమని చెబుతూ వచ్చారు, కలగా, మాయగా భావించి దాని నుంచి తప్పుకోమన్నారు. నువ్వు నాకు వేరే మాట చెబుతున్నావు. చాంచల్యం ఉంది గనుకే గట్టిదనం ఉంది. కదలిక ఉంది గనుకే బరువుంది. నీలో ఆ పరుగు లేకపోతే ఈ లోకానికి ఒడ్డూ పొడవూ ఉండేవి కావు. నాకు నీ గురించి చెప్పాలని ఉన్నదంతా ఈ ఒక్క మాటే: నువ్వు ఒక వస్తువువని నమ్మి వెతికాం, ఆగకుండా జరుగుతున్న ఒక సంఘటనగా దొరికావు.

*

ఇంకా ఎన్నో ఆశ్చర్యాలిచ్చావు.

నీకు స్పిన్ ఉంది, నీ చుట్టూ నువ్వే తిరుగుతున్నట్టుండే గుణం, దాని విలువ సగం. నీ క్వార్కుల స్పిన్‌లే దాన్ని మోస్తాయని అందరం అనుకున్నాం. 1988లో సెర్న్‌లో మ్యూవాన్లనే ఎలక్ట్రాన్ల బరువైన బంధువులతో అడిగినవాళ్లకు క్వార్కుల వంతు మరీ కొంచెమని తెలిసి భౌతికశాస్త్రం ఉలిక్కిపడింది. ఇప్పటి లెక్కలో అది దాదాపు మూడోవంతు. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల నీ స్పిన్‌లను ఒకే దిక్కుకు తిప్పి, నిన్నూ నిన్నూ ఢీకొట్టి, గ్లూవాన్లు కూడా కొంత మోస్తున్నాయని చూపింది. మిగిలినది లోపలి ప్రదక్షిణల్లో ఉండాలి. ఎవరి వాటా ఎంతో ఇంకా తేలాలి.

నీ సముద్రంలో అప్, డౌన్ ప్రతిక్వార్కులు సమంగా ఉంటాయనుకున్నాం. ఫెర్మీల్యాబ్‌లో సీక్వెస్ట్ ప్రయోగం 2021లో, నీలో ప్రతి-డౌన్‌లే ఎక్కువని చెప్పింది. సమానమని ఊహించిన చోట కూడా నీకొక సొంత మొగ్గుంది. జెఫర్సన్ ల్యాబ్ 2018లో నీ నడిబొడ్డున బయటికి తోసే ఒత్తిడిని లెక్కగట్టింది: 1 పక్కన 35 సున్నాలు పెట్టినన్ని పాస్కల్‌లు. న్యూట్రాన్ నక్షత్రపు గర్భంలోని ఒత్తిడిని మించినది. నడుమ అంత తోపు, అంచుల్లో దాన్ని ఆపే అంత పట్టు. రెండూ సరితూగి నువ్వు నిలిచావు, 1380 కోట్ల ఏళ్లు.

జెనీవా దగ్గర, 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ వలయంలో నువ్వు సెకనుకు 11,000 సార్లకు పైగా తిరుగుతున్నావు. 2012 జూలై 4న హిగ్స్ కణం కనబడిందని ప్రకటించిన రోజున లోకమంతా హిగ్స్‌ను చూసింది. నేను నిన్ను చూశాను. ఆ హిగ్స్‌లలో ఎక్కువ భాగం నీ గ్లూవాన్లు రెండు కలిసినందువల్ల పుట్టినవే. నీలో గ్లూవాన్లు ఎన్నున్నాయో హెరా రోజుల్లో లెక్కపెట్టి ఉండకపోతే, ఎన్ని హిగ్స్‌లు పుట్టాలో ముందే చెప్పడం కుదిరేది కాదు, పుట్టినవాటిని నమ్మకంగా గుర్తుపట్టడమూ కష్టమయ్యేది. నిన్ను తెలుసుకోవడానికి పడ్డ శ్రమే కొత్త కణానికి దారిదీపమైంది.

ఏ లాభం కోసం అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మన ఒంటి బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మనిషికి తగిన పని. దానికి అయ్యే ఖర్చుకు, పట్టే ఏళ్లకు, నిద్ర మానుకున్న రాత్రులకు ఆ ఒక్క కారణం చాలు.

*

బ్రూక్‌హేవెన్‌లో కొత్త యంత్రానికి సన్నాహాలు సాగుతున్నాయి. ఇప్పటికే ఉన్న 3.8 కిలోమీటర్ల వలయంలో ఎలక్ట్రాన్ల బాట కూడా వేసి, స్పిన్ తిప్పిన ఎలక్ట్రాన్లను స్పిన్ తిప్పిన నీతో, బరువైన కేంద్రకాలతో ఢీకొట్టిస్తారు. వచ్చే దశాబ్దంలో అది మేలుకోవాలని ప్రణాళిక. ఆ పనిలో మన దేశపు విశ్వవిద్యాలయాల వాళ్లూ ఉన్నారు. ఇవాళ ఏదో ఊళ్లో భౌతికశాస్త్రం పుస్తకం తెరిచి, నీ పేరు పక్కన ధనావేశం అని ఒక్క ముక్క రాసుకుంటున్న అమ్మాయి, రేపు ఆ డిటెక్టర్ తెర ముందు కూర్చోవచ్చు. ఆ ఒక్క ముక్క వెనక ఎంతుందో ఆమెకు ఎవరైనా చెప్పాలి. అందుకే ఇదంతా రాశాను.

ప్రోటానూ, స్టెర్న్ అడిగినప్పుడు లోపల ఏదో ఉందన్నావు. హాఫ్‌స్టాటర్ అడిగితే నీ వెడల్పు చెప్పావు. స్లాక్ అడిగితే క్వార్కులను చూపావు. హెరా అడిగితే సముద్రం విప్పావు. ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అడగనిది ఎన్నడూ చెప్పలేదు. మా ప్రశ్న ఎంత లోతుకు దిగిందో అంత లోతుగా జవాబిచ్చావు, ఒక్క అంగుళమూ తగ్గించలేదు. ఇంతకన్నా నిజాయితీగల గురువును నేనెరుగను.

నీకు చేసే స్తుతి ఏ రోజైనా ప్రశ్నతోనే ముగియాలి. ఇది నా తరం ప్రశ్న, నీకే వదులుతున్నాను. నీ గ్లూవాన్లు పెరుగుతూ పెరుగుతూ పోతే, నీ చిన్ని ఒంట్లో చోటు చాలని రోజు వస్తుంది కదా. అప్పుడు కొత్తవి పుట్టినన్ని, పాతవి కలిసిపోయి, ఎక్కడో ఒకచోట నీ సముద్రం నిండాలి కదా. ఆ మట్టం ఎక్కడుంది?